యంత్రం వ్రాసే ఉత్తరం
దోష సందేశాలు – సాటివారి సమీక్ష

లాగ్ బుక్ అనే మాట తెలియని ఉద్యోగి మన సంస్థలో ఉండడు. షిఫ్టు మారే వేళ ఒకరు వ్రాసి, మరొకరు చదివి సంతకం చేసే ఆ పుస్తకం మీద రాత్రింబవళ్ళు నడిచే యంత్రాల క్షేమం ఆధారపడి ఉన్నది. పూర్వం నావికులు ఓడ వేగాన్ని కొలిచేందుకు త్రాడు కట్టిన కొయ్యముక్కను నీటిలో విడిచేవారు. ఆ కొయ్యముక్కకు ఆంగ్లంలో లాగ్ అని పేరు. ఆ కొలతలను వ్రాసుకొనే పుస్తకం లాగ్ బుక్ అయినది. ఓడల నుండి కర్మాగారాలకు, కర్మాగారాల నుండి కంప్యూటర్లకు ఆ మాట ప్రయాణించినది. నేడు యంత్రాలను నడిపే ప్రోగ్రాములు తమ లాగ్‌ను తామే వ్రాసుకొంటున్నవి.

షిఫ్టు లాగ్‌లో "పంపు సరిగా లేదు" అని ఒకరు వ్రాసి వెళ్ళారనుకొందాము. ఏ పంపు, ఎప్పటి నుండి, ఏ విధంగా సరిగా లేదు అని తెలుసుకొనేందుకు తరువాతి షిఫ్టువారు వ్రాసినవారి ఇంటికి ఫోను చేయవలసి వస్తుంది. అదే "2వ నంబరు పంపు బేరింగు రాత్రి 1.40 గంటలకు వేడెక్కినది, ఆ పంపు ఆపి 3వ నంబరు పంపు నడుపుతున్నాము, గ్రీజు పరీక్షించవలెను" అని వ్రాసి ఉంటే ఎవరి నిద్రా చెడదు.

ప్రోగ్రాము వ్రాసే లాగ్ విషయంలో చిక్కు ఇంకా పెద్దది. అందులోని వాక్యాన్ని ప్రోగ్రామరు ఎన్నో సంవత్సరాల క్రితం, మరొక ఊరిలో, పట్టపగలు తీరికగా కూర్చి ఉండవచ్చు. చదివేవారు మాత్రం అర్ధరాత్రి, యంత్రం ఆగిన ఆందోళనలో చదువుతారు. ఈలోగా వ్రాసినవారు బదిలీ అయి ఉంటారు, లేదా పదవీ విరమణ చేసి ఉంటారు. కనుక దోష సందేశం అనగా ముఖపరిచయం లేని వ్యక్తికి ముందుగా వ్రాసిపెట్టిన ఉత్తరం. ఆ ఉత్తరాన్ని, వ్రాయని మరొకరు ముందుగా చదివి చూడవలెనన్నదే ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచిన విషయం.

అర్థం చెప్పని అంకె

దోష సందేశం అస్పష్టంగా ఉంటే ఏమవుతుందో తెలుసుకొనేందుకు థెరాక్-25 చరిత్రను మించిన పాఠం లేదు. కెనడా దేశపు ప్రభుత్వరంగ సంస్థ అయిన అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ తయారుచేసిన క్యాన్సర్ చికిత్సా యంత్రం ఇది. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు ఈ యంత్రం వలన మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్‌కు గురైనారు.

1986 మార్చిలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో ఒక రోగికి చికిత్స జరుగుతుండగా యంత్రం ఆగి, తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని చూపినది. ఆపరేటరు వద్ద ఉన్న పుస్తకంలో ఆ అంకెకు వివరణ లేదు. యంత్రంతో ఇచ్చిన ఒక కాగితం మీద మాత్రం అది "డోస్ ఇన్‌పుట్ 2" దోషమని ఉన్నది. మోతాదు మరీ ఎక్కువ గానీ, మరీ తక్కువ గానీ అయినదని దాని భావమని తయారీదారులు తరువాత వివరించారు. ఎక్కువకూ తక్కువకూ, రెండు విరుద్ధార్థాలకు ఒకే అంకె! అందిన మోతాదు చాలా తక్కువ అని తెర చూపుతున్నది. చిన్న చిన్న కారణాలకు ఆ యంత్రం తరచుగా ఆగుతుండేది. ఒక మీట నొక్కితే మళ్ళీ నడిచేది. అలవాటు ప్రకారం ఆపరేటరు ఆ మీట నొక్కినది. రోగికి రెండవ దెబ్బ తగిలినది. కొన్ని నెలలకు ఆయన మరణించాడు. మరుసటి నెలలో అదే ఆసుపత్రిలో, అదే అంకెతో మరొక రోగి ప్రమాదానికి గురై ప్రాణాలు కోల్పోయాడు.

ఈ ప్రమాదాలకు మూలకారణం సందేశం కాదు. ఆపరేటరు వివరాలను వేగంగా సవరించినపుడు ప్రోగ్రాములోని రెండు భాగాల మధ్య పొత్తు తప్పడం, పూర్వపు నమూనాలలో ఉన్న యాంత్రిక రక్షణలను తొలగించి భారమంతా ప్రోగ్రాము మీదనే వేయడం అసలు కారణాలు. కాని సందేశం సరిగా ఉంటే ఆ రెండవ మీట నొక్కే చేయి ఆగి ఉండేది. నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ అనే పరిశోధకులు 1993లో ఈ ప్రమాదాల సమగ్ర చరిత్రను ప్రచురించారు. ఆ ప్రోగ్రామును అనేక సంవత్సరాల పాటు ఒకే వ్యక్తి వ్రాశాడని అందులో నమోదు చేశారు. ఆ అంకెను చూసి "దీని అర్థమేమి?" అని తొలినాడే అడిగే సాటి మనిషి ఎంత అవసరమో ఊహించవచ్చు.

ఆజ్ఞ వేరు, ఆచరణ వేరు

సందేశంలో మరొక రకమైన లోపం ఉంటుంది. భాష స్పష్టంగానే ఉంటుంది, చెప్పేది మాత్రం నిజం కాదు. 1979 మార్చి 28న తెల్లవారుజామున 4 గంటల వేళ అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగినది ఇదే. ఒత్తిడి తగ్గించేందుకు తెరచుకొన్న వాల్వు మళ్ళీ మూసుకోక ఇరుక్కుపోయినది. కంట్రోల్ రూములో ఆ వాల్వుకు సంబంధించిన దీపం ఆరిపోయినది. దీపం ఆరితే వాల్వు మూసుకొన్నట్లే అని సిబ్బంది భావించారు. నిజానికి ఆ దీపం తెలిపినది "మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళినది" అన్న సంగతి మాత్రమే. వాల్వు నిజంగా మూసుకొన్నదో లేదో తెలిపే ఏర్పాటు దానికి లేదు. రెండు గంటలకు పైగా ఆ వాల్వు గుండా శీతలీకరణ జలం పోతూనే ఉన్నది. రియాక్టరు గర్భం పాక్షికంగా కరిగిపోయినది.

అది దీపమే కావచ్చు, కాని ప్రోగ్రాములలో ఇటువంటి "దీపాలు" కోకొల్లలు. "ఫైలు భద్రపరచబడినది" అని లాగ్‌లో వ్రాసే ప్రోగ్రాము, నిజానికి భద్రపరచమని ఆజ్ఞ మాత్రమే ఇచ్చి, ఫలితం చూడకుండానే ఆ మాట వ్రాస్తూ ఉండవచ్చు. "ఈ వాక్యం వ్రాసే క్షణానికి పని నిజంగా పూర్తయినదా?" అని సమీక్షకుడు అడగవలసిన ప్రశ్నకు ఆధారం ఇక్కడ ఉన్నది.

నాన్నా, పులి!

మూడవ లోపం అతి. ఊరకే "నాన్నా, పులి!" అని అరచిన పిల్లవాని కథ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో విస్ఫోటనం జరిగి 26 మంది గాయపడ్డారు. దానికి ముందు చివరి 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చినవని ప్రభుత్వ విచారణలో తేలినది. అనగా రెండున్నర సెకండ్లకు ఒకటి చొప్పున! వాటిలో ముఖ్యమైనదేదో ఎంచుకొనే వ్యవధి మానవమాత్రులకు ఉండదు.

లాగ్‌లో సందేశాలకు తీవ్రతను బట్టి తరగతులు ఏర్పరచింది ఇందుకే. 1980లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ రూపొందించిన సిస్‌లాగ్ పద్ధతిలో అత్యవసర స్థితి మొదలుకొని ప్రోగ్రామరు స్వంత పరిశీలన వరకు ఎనిమిది తరగతులున్నవి. తరగతులు ఎన్ని ఉన్నా, ప్రోగ్రామరు ప్రతి చిన్న విషయాన్నీ "ఎర్రర్" అని వ్రాస్తే ప్రయోజనం లేదు. "ఈ సందేశం చూసి ఎవరైనా లేచి ఏదైనా చేయవలసి ఉన్నదా?" అన్నది సరియైన కొలబద్ద. చేయవలసినది ఏమీ లేకపోతే అది ఎర్రర్ కాదు, సమాచారం మాత్రమే.

వ్రాసినవారికి ఎందుకు కనిపించదు?

"కాకి పిల్ల కాకికి ముద్దు" అని సామెత. అయితే ఇక్కడ మమకారం కంటె పెద్ద అడ్డంకి జ్ఞానమే. వ్రాసినవారికి ప్రోగ్రాము అంతా తెలుసు. "రీడ్ ఫెయిల్డ్" అన్న రెండు మాటలు చూడగానే ఏ మీటరు, ఏ లైను, ఏ పరిస్థితి అన్నవి వారి మనస్సులో తామే పూరింపబడతాయి. లోపించిన మాటలను మనస్సు సమకూర్చుకొంటుంది గనుక లోపం కంటికి కనబడదు. రచయిత తన పుస్తకపు ప్రూఫులను తానే దిద్దుకొంటే అచ్చుతప్పులు మిగిలిపోవడం మనకు తెలిసినదే. పాత తెలుగు పుస్తకాల చివర కనిపించే తప్పొప్పుల పట్టికలే ఇందుకు సాక్ష్యం.

ప్రోగ్రాములను సాటివారు చదివి చూసే పద్ధతిని ఒక క్రమశిక్షణగా తీర్చిదిద్దినవారు ఐబీఎం సంస్థకు చెందిన మైకేల్ ఫాగన్. ఆయన 1976లో ప్రచురించిన పద్ధతిలో ప్రోగ్రామును వ్రాసినవారు కాక మరొకరు దానిని సమావేశంలో తమ మాటలలో వివరిస్తూ చదువుతారు. చదివేవారు తడబడినచోట ప్రోగ్రాములో ఏదో ఉన్నదన్నమాట. నేడు సమావేశాలకు బదులు కంప్యూటరు తెర మీదనే, మార్పు జరిగిన పంక్తుల వరకు సమీక్ష జరపడం వాడుకైనది. కాని ఎక్కువమంది సమీక్షకులు గణితం సరిగా ఉన్నదా, తర్కం సరిగా ఉన్నదా అని చూచి, ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న సందేశాన్ని అలంకారంగా భావించి దాటిపోతారు. ఈ అలవాటే మారవలెను.

ఒక ఉదాహరణ

శీతలీకరణ జలం నిలువచేసే ట్యాంకుల నీటిమట్టాన్ని మీటర్ల నుండి తీసుకొని కంట్రోల్ రూము తెర మీద చూపే ప్రోగ్రాము ఒకటి ఉన్నదని ఊహించుకొందాము. మీటరు నుండి విలువ రానపుడు లాగ్‌లో "ఎర్రర్: రీడ్ ఫెయిల్డ్" అని వస్తుంది. సమీక్షకుడు ప్రోగ్రామును చూడకుండా, ముందు ఆ వాక్యాన్ని మాత్రమే ఒక కాగితం మీద వ్రాసుకొని చదవవలెను. అప్పుడు ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి.

ఏ మీటరు? ఎంతసేపు వేచి చూచినది? మళ్ళీ ప్రయత్నించినదా? విలువ రానప్పుడు తెర మీద ఏమి కనిపిస్తున్నది?

చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. విలువ రానప్పుడు ప్రోగ్రాము పాత విలువనే తెర మీద ఉంచుతున్నదని జవాబు వచ్చినదనుకొందాము. అనగా ట్యాంకు ఖాళీ అవుతున్నా తెర మీద మట్టం నిండుగానే కనబడుతుంది! సందేశం గురించి వేసిన ప్రశ్న ప్రోగ్రాములోని అసలు ప్రమాదాన్ని బయటపెట్టినది.

సమీక్షకుడు అక్కడ ఆగక "ఎందుకు విఫలమైనది?" అని కూడా అడగవలెను. మీటరు జవాబు ఇవ్వకపోవడం, ఇచ్చిన జవాబు దారిలో చెడిపోవడం, జవాబు వచ్చినా డిస్కు నిండిపోయి వ్రాయలేకపోవడం, ఈ మూడు వేరు వేరు దోషాలను ప్రోగ్రాము ఒకే వలలో పట్టి ఒకే మాటతో చెబుతున్నదని తేలవచ్చు. మొదటిదానికి ఎలక్ట్రీషియను, రెండవదానికి కేబులు చూచేవారు, మూడవదానికి కంప్యూటరు విభాగంవారు రావలెను. ముగ్గురిలో ఎవరిని పిలవాలో "రీడ్ ఫెయిల్డ్" చెప్పదు. అస్పష్టమైన సందేశం చాలాసార్లు భాషాదోషం కాదు. ఏమి జరిగినదో ప్రోగ్రాముకే తెలియదనడానికి అది గుర్తు.

సమీక్ష తరువాత, మొదటి సందర్భానికి సందేశం ఈ విధంగా మారవచ్చు:

"ఎల్‌టీ-301: 3వ ట్యాంకు మట్టం మీటరు (చిరునామా 14) 5 సెకండ్లలో జవాబు ఇవ్వలేదు. 3 ప్రయత్నాలు విఫలం. తెర మీద ఉన్నది 02:10:05 నాటి పాత విలువ. మీటరుకు విద్యుత్తు అందుతున్నదో లేదో చూడవలెను."

దీనిలో అంకె కూడా ఉన్నది, మాట కూడా ఉన్నది. అంకె వలన ప్రోగ్రాములో ఆ చోటు వెంటనే దొరుకుతుంది. మాట వలన మనిషికి దారి దొరుకుతుంది. 2013 జూలైలో మన దేశంలో ఆగిపోయిన టెలిగ్రాములను పెద్దలు గుర్తుచేసుకొనవచ్చు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగు మాటలలో ఎవరికి, ఏమి జరిగినది, మనమేమి చేయవలెను అన్న మూడు సంగతులూ ఇమిడి ఉండేవి. మాటకు ఇంత అని రుసుము చెల్లించవలసి వచ్చినపుడు జనం ఏ మాట అవసరమో బాగుగా ఎరిగి ఉండేవారు.

సమీక్షకుడు అడగవలసిన ప్రశ్నలు

1. ప్రోగ్రాము చూడకుండా ఈ వాక్యం ఒక్కటే చదివితే అర్థమవుతున్నదా?
2. ఏ పరికరం, ఏ ఫైలు, ఏ లావాదేవీ అన్న గుర్తింపు ఉన్నదా?
3. ప్రోగ్రాము ఎదురుచూచిన విలువ, దానికి దొరికిన విలువ రెండూ ఉన్నవా? "తప్పు విలువ" అనడం కంటె "0 నుండి 100 లోపు ఉండవలసినది, 412 వచ్చినది" అనడం మేలు.
4. దోషం తరువాత ప్రోగ్రాము ఏమి చేసినది? ఆగినదా, మళ్ళీ ప్రయత్నిస్తున్నదా, పాత విలువతో సాగుతున్నదా?
5. చదివేవారు చేయవలసిన పని ఉన్నదా? ఉంటే అది చెప్పబడినదా?
6. తీవ్రత తరగతి సరియైనదేనా? ఇదే సందేశం నిమిషానికి వందసార్లు వచ్చే అవకాశమున్నదా?
7. ఇదే వాక్యం ప్రోగ్రాములో మరొకచోట కూడా ఉన్నదా? ఉంటే ఏది ఎక్కడి నుండి వచ్చినదో ఎట్లు తెలియును?
8. సామాన్యమైన మాటలే వాడబడినవా? తెలుగు మాధ్యమంలో ఐటీఐ చదివిన టెక్నీషియనుకు "ఫేటల్ ఎక్సెప్షన్" అన్నది భయం కలిగించునే గాని దారి చూపదు.

వ్రాయకూడనివి, మరువకూడనివి

వివరంగా వ్రాయవలెనంటే అన్నీ వ్రాయమని కాదు. "అతి రహస్యం బట్టబయలు" అన్న సామెత లాగ్‌లకు అక్షరాలా వర్తిస్తుంది. 2018 మే నెలలో ఆనాటి ట్విట్టర్ సంస్థ తన 33 కోట్ల వినియోగదారులను పాస్‌వర్డులు మార్చుకొమ్మని కోరవలసి వచ్చినది. పాస్‌వర్డులను గుప్తరూపంలోనికి మార్చక ముందే ఒక అంతర్గత లాగ్‌లో వ్రాసే లోపం ప్రోగ్రాములో ఉండడమే అందుకు కారణం. పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్య, వైద్య వివరాలు సందేశంలోనికి ప్రాకుతున్నవా అని చూడడం సమీక్షకుని ధర్మం.

కాలం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఒక కంప్యూటరు గ్రీనిచ్ కాలమానంలో, మరొకటి భారత కాలమానంలో వ్రాస్తే అయిదున్నర గంటల తేడా వచ్చి, ఏది ముందో ఏది వెనుకో తెలియదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు మన దేశంలోని సంస్థలు లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచవలెనని, కంప్యూటర్ల గడియారాలను జాతీయ కాలమానంతో సరిచూడవలెనని విధించినవి. ఆరు నెలలు దాచవలసిన కాగితం మీద చదవదగిన మాటలు ఉండవలెను కదా!

పాత సందేశాలను మార్చేటప్పుడు మరొక సంగతి గమనించవలెను. లాగ్‌లోని ఫలానా మాటను వెదకి అలారం మోగించే ఇతర ప్రోగ్రాములు ఉండవచ్చు. వాక్యం బాగుచేయబోయి అలారాన్ని మూగబోయేటట్లు చేయరాదు. ఆ మాట మీద ఎవరు ఆధారపడి ఉన్నారో సమీక్షలోనే తేల్చుకొనవలెను.

హోదా, మర్యాద

మన కార్యాలయాలలో సాటివారి సమీక్షకు అసలు ఆటంకం సాంకేతికమైనది కాదు. పెద్ద హోదాలోని వారు వ్రాసిన వాక్యాన్ని చూచి "సార్, నాకు అర్థం కాలేదు" అనడానికి చిన్నవారు జంకుతారు. కాని ఈ పనిలో "అర్థం కాలేదు" అన్నదే అన్నిటికంటె విలువైన అభిప్రాయం. పగలు పదకొండు గంటలకు టీ త్రాగుతూ చదివినప్పుడు అర్థం కాని వాక్యం రాత్రి రెండు గంటలకు, అలారం మోగుతుండగా అర్థం కాబోదు. కొత్తగా చేరినవారినీ, కంట్రోల్ రూము ఆపరేటర్లనూ సందేశాల సమీక్షకు పిలవడం అందుకే మంచిది. వారే ఆ ఉత్తరాన్ని అందుకొనేవారు.

విమర్శ వాక్యం మీదనే సాగవలెను, వ్యక్తి మీద కాదు. సమీక్షలో దొరికిన లోపాల సంఖ్యను వార్షిక పనితీరు నివేదికలో చేర్చరాదు. చేర్చిన మరుక్షణం ఎవరూ లోపాలు చూపరు, ఎవరూ చూడనివ్వరు.

ఆచరణకు ఒక సులభ సూత్రం ఉన్నది. సమీక్షకుడు సందేహం అడిగినప్పుడు వ్రాసినవారు "అంటే దాని భావం ఇదండీ" అని నోటితో వివరిస్తారు. ఆ నోటిమాటలనే వ్రాసి సందేశంగా పెట్టవలెను. ఎందుకంటే రాత్రి షిఫ్టులో వివరించేందుకు వారు అక్కడ ఉండరు.

దీనికి పెద్ద బడ్జెటు గానీ, ప్రత్యేక విభాగం గానీ అవసరం లేదు. నెలకొకసారి లాగ్‌లో అత్యధికంగా కనిపించిన పది సందేశాలను తీసుకొని, వ్రాసేవారూ చదివేవారూ ఒక గంట కలసి కూర్చుంటే చాలును. కంప్యూటరు విద్య అభ్యసిస్తున్న మన పిల్లలు కూడా తమ ప్రోగ్రాముల సందేశాలను ఒకరివి ఒకరు చదివి చూచే అలవాటు ఇప్పటి నుండే చేసుకొనవచ్చును. మన షిఫ్టు లాగ్ బుక్‌లో వ్రాసినవారి సంతకం క్రింద చదివినవారి సంతకానికి కూడా చోటు ఉంటుంది. ప్రోగ్రాము వ్రాసే లాగ్‌కు కూడా ఆ రెండవ సంతకం కావలెను.